ఇరవై మూడు తీర్మానాలు, మూడు ఒకట్లు

ప్రశ్న:

నమస్కారం. పర్లాకిమిడిలో హైస్కూలు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడి మా తెలుగు సంఘానికి కార్యదర్శిని. సర్వసభ్య సమావేశం తీర్మానాలు ఇన్నేళ్లూ మినిట్స్ పుస్తకంలో చేత్తోనే రాసేవాళ్లం. ఈసారి వర్డ్‌లో టైపు చేసి, ప్రింటు తీసి అంటిద్దామని నేనే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానా అనిపిస్తోంది.

ఆరో తీర్మానం కింద ఖర్చుల పట్టిక పెట్టాను. దాని తర్వాత 7 రావలసిన చోట మళ్లీ 1 వచ్చింది. చెరిపేసి చేత్తో 7 కొట్టాను, కిందవి 8, 9 అని వాటంతటవే వచ్చాయి. 13వ తీర్మానం కింద ఓట్ల లెక్క రాశాక మళ్లీ 1. అక్కడా చేత్తో 14 కొట్టాను. తర్వాత అధ్యక్షులవారు 9 కింద ఒకటి చేర్చమన్నారు. చేర్చాను. ఇప్పుడు 14 రెండుసార్లు ఉంది. తీర్మానాలు ఇరవై మూడు, చివరి నంబరు మాత్రం 22.

ఇక జాగా సంగతి. ఒకచోట ఎంటర్ ఒకసారి కొడితే బెత్తెడు ఖాళీ, ఇంకోచోట రెండుసార్లు కొట్టినా చాలదు. సెట్టింగులో 12 అని పెట్టినా తీర్మానాల మధ్య వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పైగా ఒత్తులు కింద తెగిపోతున్నాయి. జిరాక్స్ షాపు కుర్రాడు "వర్డ్ తెలుగుకి పనికిరాదు మాస్టారూ, పేజ్‌మేకర్‌లో చేయించీండి" అన్నాడు. మనవడు హైదరాబాదు నుంచి ఫోన్లో ఏదో చెప్పాడు, అర్థం కాలేదు. నన్నేం చెయ్యమంటారు?

సమాధానం:

మాస్టారూ, ముందు ఆ జిరాక్స్ షాపు కుర్రాడి మాట పక్కన పెడదాం. పేజ్‌మేకర్ అచ్చు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్, దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అది యూనికోడ్ తెలుగుని, అంటే మీరు వర్డ్‌లో కొట్టిన రకం తెలుగుని, చదవలేదు. అంటే మీరు కష్టపడి కొట్టిందంతా అతను అనూ అనే పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చాలి, లేదా మొదటి నుంచి మళ్లీ కొట్టాలి. మళ్లీ కొట్టడమంటే మళ్లీ కొత్త తప్పులు, మళ్లీ మీరు షాపులో స్టూలు మీద కూర్చుని ప్రూఫులు దిద్దడం. అతనికి వచ్చిన పని అతను చెప్పాడు, తప్పు పట్టలేం. నేనూ బరంపురంలో ఏళ్ల తరబడి అదే పని చేసి బతికినవాణ్ణే. తెలుగు శుభలేఖలకి అనూ, ఒడియా వాటికి ఆకృతి, మధ్యలో టీ.

ఆ రోజుల్లో జరిగింది ఒకటి చెప్పాలి. ఒక భజన మండలి వాళ్లు దాతల జాబితా తెచ్చారు, నూట నలభై పేర్లు. నంబర్లన్నీ చేత్తోనే కొట్టాను. అంతా అయ్యాక, ఒక పెద్దాయన పేరు మర్చిపోయాం, 12వ చోట చేర్చండి అన్నారు. చేర్చి, అక్కణ్ణుంచి ఒక్కొక్క నంబరూ దిద్దుకుంటూ వస్తుంటే యాభైల్లో ఎక్కడో ఫోను మోగింది. మాట్లాడి వచ్చి మళ్లీ మొదలెట్టాను. అచ్చయ్యాక చూస్తే 57 రెండుసార్లుంది. ఆ రెండో 57 గారు షాపుకొచ్చి, "నానేటి బాబూ, ఉత్తుత్తి దాతనా?" అని అడిగారు. మీ ఉత్తరంలో రెండు 14లు చూడగానే నాకు ఆయనే గుర్తొచ్చారు.

మీ ఫైల్లో కనిపిస్తున్న రోగాలు నాలుగైనా వేరు ఒకటే. నంబరునీ ఖాళీనీ మీరు అక్షరాల్లాగా కొడుతున్నారు. వర్డ్ వాటిని పేరాకి ఉండే గుణాలుగా చూస్తుంది. మీరిద్దరూ ఒకే కాయితం మీద రెండు లెక్కలు వేస్తున్నారు, అందుకే తేడా.

ఇది కంటితో చూస్తే గానీ నమ్మకం కుదరదు. ఫైలు తెరిచి కంట్రోల్, షిఫ్ట్, 8 మూడూ కలిపి నొక్కండి. ఇంగ్లీషు పీ అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి, దానికి రెండు కాళ్లు పెట్టినట్టుండే గుర్తు ప్రతి పేరా చివరా కనిపిస్తుంది. స్పేస్ కొట్టిన చోట చుక్క, ట్యాబ్ కొట్టిన చోట బాణం. ఇవేవీ ప్రింటులో రావు, కంగారు పడకండి. ఇప్పుడు మొదటి పేజీ నిదానంగా చూడండి. తీర్మానానికీ తీర్మానానికీ మధ్య కొన్నిచోట్ల ఆ గుర్తు ఒక్కటే ఒంటరిగా కూర్చుని ఉంటుంది. అక్కడ మీరు ఎంటర్ రెండోసారి కొట్టారన్నమాట. మీ కంటికి అది ఖాళీ. వర్డ్ లెక్కలో అది కూడా ఒక పేరాయే, అక్షరాలు లేని పేరా. దానికీ ఒక ఫాంటు ఉంటుంది, సైజు ఉంటుంది, కింద వదలాల్సిన జాగా ఉంటుంది. అందుకే ఒకచోట బెత్తెడు, ఇంకోచోట బొటనవేలంత.

ఆ గుర్తుని చిన్నచూపు చూడకండి. పేరాకి సంబంధించిన సమాచారమంతా ఆ గుర్తులోనే మూటగట్టి ఉంటుంది: ఎంత లోపలికి జరగాలి, పైన కింద ఎంత వదలాలి, నంబరు ఉండాలా వద్దా, ఉంటే ఏ జాబితాకి చెందిన నంబరు. దాన్ని చెరిపితే ఆ పేరా పక్క పేరాతో కలిసిపోతుంది, రెంటిలో ఒకదాని వాటం పోతుంది. "ఏమీ ముట్టుకోకుండానే మారిపోయింది" అని జనం అనే సందర్భాల్లో సగం ఇదే. నంబరు అక్షరాల సైజు, లావు కూడా ఈ గుర్తునే చూసి నడుచుకుంటాయి. మీరు వాక్యం వరకే ఎంచుకుని సైజు 14 చేస్తే నంబరు 11లోనే చిక్కిపోయినట్టు ఉండిపోతుంది. ఎక్కడో ఒక నంబరు మాత్రం బోల్డ్‌లో ఉండి, వాక్యం మామూలుగా ఉందంటే, చివరి గుర్తు ఒక్కదాన్నే మౌసుతో ఎంచుకుని కంట్రోల్ బీ నొక్కి చూడండి. నంబరు సన్నబడుతుంది.

ఇక మీరు టైపు మిషను మీద నేర్చుకుని ఉంటారని నా అనుమానం. మిషన్లో లివరు ఒకసారి లాగితే లైను, రెండోసారి లాగితే ఖాళీ లైను. ఆ చెయ్యి ఊరుకోదు. దానికి తోడు వర్డ్ కూడా మధ్యలో మనసు మార్చుకుంది. 2003 వెర్షన్ దాకా కొత్త ఫైలు తెరిస్తే పేరా కింద జాగా సున్నా, లైన్ల మధ్య సింగిల్. 2007లో దాన్ని పేరా కింద 10 పాయింట్లు, లైన్ల మధ్య 1.15 చేశారు. 2013లో 8 పాయింట్లు, 1.08 చేశారు. పాయింటంటే అంగుళంలో 72వ వంతు, అంటే 8 పాయింట్లు అంగుళంలో తొమ్మిదో వంతు. ఏదో పాత ఫైల్లోంచి కాపీ కొట్టిన పేరా పాత అలవాటుతో వస్తుంది, ఇవాళ టైపు చేసింది కొత్త అలవాటుతో వస్తుంది, వాట్సాప్‌లోంచి అతికించింది ఇంకో దారి. మూడిళ్ల చుట్టాలు ఒకే పంక్తిలో కూర్చున్నట్టు తయారైంది మీ ఫైలు.

శుభ్రం చేద్దాం. ముందు ఫైలుకి ఇంకో కాపీ తీసి వేరే పేరుతో దాచండి. ఇది ఊరికే చెప్పడం లేదు. తర్వాత కంట్రోల్ హెచ్ నొక్కితే ఫైండ్ అండ్ రీప్లేస్ వస్తుంది. అందులో మోర్ నొక్కితే స్పెషల్ అనే బటన్ ఉంటుంది. ఫైండ్ గడిలో ఆ స్పెషల్‌లోంచి పారాగ్రాఫ్ మార్క్ రెండుసార్లు ఎంచుకోండి, రీప్లేస్ గడిలో ఒక్కసారి. రీప్లేస్ ఆల్ నొక్కండి. మూడేసి ఎంటర్లు కొట్టిన చోట ఇంకా మిగులుతాయి కాబట్టి, సున్నా అనేదాకా నొక్కుతూ ఉండండి. పట్టికకి ముందో వెనకో ఒకటి మొండికేసి మిగిలితే మిగలనివ్వండి. ఇప్పుడు తీర్మానాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు కనిపిస్తాయి. కావలసింది అదే, జాగా ఇప్పుడిద్దాం.

12 పెట్టినా కదల్లేదన్నారు చూశారా, ఆ ప్రశ్నకే నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను. ఎంతోమందిని ఏడిపించిన చిన్న టిక్కు అది. మీరు నంబరింగ్ బటన్ నొక్కగానే వర్డ్ ఆ పేరాల స్టైలుని, అంటే వాటి రూపురేఖల మూసని, మీకు చెప్పకుండా లిస్ట్ పారాగ్రాఫ్ అనేదానికి మారుస్తుంది. ఆ స్టైల్లో "డోంట్ యాడ్ స్పేస్ బిట్వీన్ పారాగ్రాఫ్స్ ఆఫ్ ది సేమ్ స్టైల్" అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఒకే స్టైలు పేరాలు పక్కపక్కన వస్తే మధ్యలో జాగా వదలొద్దని దాని అర్థం. మీరు 12 పెట్టండి, 50 పెట్టండి, అది తల ఊపుతుంది, పని చెయ్యదు. మీ సెట్టింగు తప్పు కాదు, దాని మీద ఇంకో ఆర్డరు ఉంది.

పచారీ సరుకుల చీటీకి ఆ టిక్కు అందమే. కందిపప్పు 2 కిలోలు, బెల్లం కిలో, చింతపండు అరకిలో. వీటి మధ్య జాగా ఎందుకు? మీ తీర్మానాలు అలాంటివి కావు, ఒక్కొక్కటి ఐదారు లైన్లు. ఒకటెక్కడ ఆగిందో ఇంకోటెక్కడ మొదలైందో కన్ను పట్టుకోవాలి. కాబట్టి ఆ టిక్కు తియ్యాలి. తియ్యడం కూడా ఎంచుకున్న పేరాల వరకే తీస్తే ఇవాళ్టికి గడుస్తుంది, రేపు అధ్యక్షులవారు ఇంకోటి చేర్చమంటే మళ్లీ మొదటికొస్తుంది. స్టైల్లోనే తియ్యండి. హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ వరసలో లిస్ట్ పారాగ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి మోడిఫై, దాని కింద ఫార్మాట్, అందులో పారాగ్రాఫ్. టిక్కు తీసేసి, స్పేసింగ్ దగ్గర బిఫోర్ 0, ఆఫ్టర్ 8 పెట్టి ఓకే కొట్టండి. ఫైలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు విచ్చుకుంటుంది. ఒకటో రెండో కదలకపోతే, వాటికి మీరు ఇంతకుముందు విడిగా పెట్టిన సెట్టింగు అడ్డం పడుతోందని అర్థం. ఆ పేరాలో కర్సర్ పెట్టి కంట్రోల్ క్యూ నొక్కండి, విడిగా పెట్టింది పోతుంది. నంబరు కూడా పోతే నంబరింగ్ బటన్ మళ్లీ నొక్కితే సరి.

బిఫోర్, ఆఫ్టర్ రెండూ ఎందుకు పెట్టకూడదని అడుగుతారేమో. పెట్టొచ్చు. పెడితే రేపు జాగా ఎక్కువైనప్పుడు ఎవరి వల్ల ఎక్కువైందో తేలదు. నేనైతే ఎప్పుడూ కింద మాత్రమే ఇస్తాను, శీర్షికలకి ఒక్కటే పైన కూడా.

నంబర్ల దగ్గరికి వద్దాం. మీ ఫైల్లో ఇప్పుడు ఉన్నది ఒక జాబితా కాదు, మూడు. 1 నుంచి 6 ఒకటి, మీరు 7 అని కొట్టిన దగ్గర మొదలైంది రెండోది, 14 అని కొట్టిన దగ్గర మూడోది. చేత్తో 7 కొట్టగానే వర్డ్ "ఓహో, ఈయన 7తో కొత్త జాబితా మొదలెడుతున్నాడు" అనుకుంది. మీరేమో పాతది కొనసాగుతోందనుకుని సంతోషించారు. 9 కింద కొత్తది చేర్చినప్పుడు రెండో జాబితా ఒకటి పెరిగి 14 దాకా వచ్చింది. మూడోదానికి ఆ కబురే తెలీదు, అది తన 14 దగ్గరే కూర్చుంది. మీ రెండు 14ల కథ అదీ.

కుట్టడం తేలిక. 7 అనే అంకె మీద క్లిక్ చెయ్యండి, వాక్యం మీద కాదు, అంకె మీదే. జాబితాలోని అంకెలన్నీ బూడిద రంగులోకి వస్తాయి. ఎన్ని వస్తే అంతవరకు ఒక జాబితా అని లెక్క. ఇప్పుడు రైట్ క్లిక్ చేస్తే కంటిన్యూ నంబరింగ్ అని ఉంటుంది, నొక్కండి. మూడో ముక్క మొదటి అంకె దగ్గరా అదే చెయ్యండి. చివర 23 వచ్చిందంటే మూడూ ఒక్కటయ్యాయి. అదే మెనూలో సెట్ నంబరింగ్ వాల్యూ అని కూడా ఉంటుంది, దాంట్లో 15 అని పెడితే పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లొద్దు. అది మళ్లీ చేత్తో కొట్టడమే, కాస్త దొరబాబు వేషంలో.

ఓట్ల లెక్కలాంటిది నంబరు లేకుండా తీర్మానం కిందే రావాలంటే, ఎంటర్ కొట్టాక నంబరు వచ్చిన చోటే బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. అంకె పోతుంది, వాక్యం పై వాక్యంతో సమానంగా నిలబడుతుంది. చిన్న లైనైతే షిఫ్ట్ ఎంటర్ కూడా చాలు. ఆ తర్వాత కొత్త తీర్మానానికి 1 వస్తే మాత్రం చెరిపి దిద్దొద్దు, కంటిన్యూ నంబరింగ్.

10వ తీర్మానం నుంచి వాక్యాలు కొంచెం కుడికి తప్పుకుని కనిపిస్తే, రెండంకెల నంబరుకి చోటు చాలడం లేదని. అంకె మీద రైట్ క్లిక్, అడ్జస్ట్ లిస్ట్ ఇండెంట్స్, టెక్స్ట్ ఇండెంట్ కొంచెం పెంచండి. స్పేసులు కొట్టి జరపడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మీరు అడగలేదు గానీ తప్పక ఎదురయ్యేది ఇంకోటుంది. తీర్మానాల్లో "పై 11వ తీర్మానం ప్రకారం" అని ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు. మధ్యలో ఒకటి చేర్చగానే జాబితాలో 11 కాస్తా 12 అయింది, వాక్యంలో మాత్రం 11 అనే ఉండిపోయింది. మినిట్స్‌లో ఇది మామూలు తప్పు కాదు. రేపు ఎవరైనా తీర్మానాన్ని ప్రశ్నిస్తే, మీరు చెప్పిన నంబరుకీ ఉన్న నంబరుకీ పొంతన లేదంటారు. ఆ అంకె చెరిపేసి, రెఫరెన్సెస్ ట్యాబ్‌లో క్రాస్ రెఫరెన్స్, దానిలో నంబర్డ్ ఐటెమ్ ఎంచుకుంటే మీ తీర్మానాలన్నీ వరసగా కనిపిస్తాయి. కావలసినదాన్ని ఎంచుకుని ఇన్‌సర్ట్ చెయ్యండి. ఆ తర్వాత వరస ఎంత మారినా, కంట్రోల్ ఏ కొట్టి ఎఫ్9 నొక్కితే వాక్యంలోని అంకె కూడా సర్దుకుంటుంది. ప్రింటుకి ముందు ఒకసారి నొక్కడం అలవాటు చేసుకోండి.

చేత్తో కొట్టాల్సిన సందర్భమూ ఉంది. ఆఫీసుకో బ్యాంకుకో ఇవ్వడానికి 3, 7, 12, 19 తీర్మానాలు మాత్రమే ఎత్తి రాయాల్సి వచ్చిందనుకోండి. అక్కడ అసలు నంబర్లే ఉండాలి, 1, 2, 3, 4 కాకూడదు. చేత్తో 3 కొట్టి చుక్క పెట్టి స్పేస్ కొట్టగానే వర్డ్ ఉత్సాహపడి జాబితా మొదలెడుతుంది. వెంటనే కంట్రోల్ జెడ్ ఒక్కసారి. అంకె ఉంటుంది, జాబితా పోతుంది.

గిడుగు వారి జయంతి తీర్మానానికి నాలుగైదు ఉపభాగాలు ఉండే ఉంటాయి: సభ ఎక్కడ, వక్తలెవరు, పిల్లల పోటీలు, భోజనాలు. వాటికి క, ఖ, గ, ఘ అని పెట్టాలని తెలుగు మాస్టారికి అనిపించడం సహజం. వర్డ్ ఇచ్చే నంబరింగ్ వరసల్లో హిందీ అక్షరాలున్నాయి, తెలుగు అక్షరాలు లేవు. తెలుగు అంకెలూ లేవు. చేత్తో పెట్టుకోవచ్చు గానీ నన్నడిగితే 7.1, 7.2 మేలు. భాషాభిమానం లేక కాదు. మీ సంఘం కాయితాలు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, ఒక్కోసారి ఇంగ్లీషులో ఒకటి తయారవుతాయి. తెలుగు కాపీలో 'ఖ' అన్నది ఇంగ్లీషు కాపీలో 'బీ' అవుతుంది. సభలో ఒకాయన 'ఖ' అంటాడు, ఇంకొకాయన 'బీ' అంటాడు, తెలుగు చదవడం రాని మన పిల్లలు ఏదీ అనరు. 7.2 అంటే మూడు కాపీల్లోనూ ఒకటే. 1936లో ఒడిశా ఏర్పడిన నాటి నుంచీ రెండు లిపుల మధ్య కాపురం చేస్తున్న ఊరు మీది, ఈ బాధ నాకంటే మీకే బాగా తెలుసు. మల్టీలెవెల్ లిస్ట్ బటన్‌లో 1, 1.1, 1.1.1 అని ఉండే నమూనా ఎంచుకోండి. ఉపభాగం మొదట్లో కర్సర్ పెట్టి ట్యాబ్ కొడితే ఒక మెట్టు లోపలికి, షిఫ్ట్ ట్యాబ్ కొడితే బయటికి.

ఒత్తులు తెగడం ఇంకో గొడవ, దీనికి నంబర్లతో సంబంధం లేదు. ఎవరో పారాగ్రాఫ్ సెట్టింగులో లైన్ స్పేసింగ్ దగ్గర ఎగ్జాక్ట్‌లీ అని పెట్టి, 14 లాంటి చిన్న అంకె ఇచ్చారు. ఇంగ్లీషుకి అది చాలుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. "రాష్ట్రం" అన్న మాట ఒక్కటి టైపు చేసి చూడండి, ట వత్తూ ర వత్తూ పూర్తిగా కనిపిస్తే మిగతావన్నీ కనిపిస్తాయి. ఎగ్జాక్ట్‌లీ తీసేసి సింగిల్ పెడితే తెగడం ఆగుతుంది. కాకపోతే సింగిల్‌లో ప్రతి లైనూ అందులోని అన్నిటికంటే పొడుగు ఫాంటుకి సరిపడా ఎత్తు తీసుకుంటుంది. మీ పేరాలో సగం గౌతమి ఫాంటులో, వాట్సాప్ నుంచి వచ్చిన సగం నిర్మలా యూఐలో ఉంటే లైన్లు ఎగుడుదిగుడుగా పడతాయి. కాబట్టి ముందు అంతా ఎంచుకుని ఒకే ఫాంటు చెయ్యండి. అప్పటికీ నచ్చకపోతే ఎగ్జాక్ట్‌లీయే పెట్టి అంకె పెద్దది ఇవ్వండి. 12 సైజు తెలుగుకి నేను 22 నుంచి మొదలెట్టి, "రాష్ట్రం" తెగనంతవరకు ఒక్కొక్కటే తగ్గిస్తాను. గంట పని కాదు, నిమిషం పని.

ఇకముందు వాట్సాప్ నుంచి అతికించేటప్పుడు రైట్ క్లిక్ చేసి కీప్ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకోండి. ఆ ఫాంటూ ఆ జాగాలూ అక్కడే ఉండిపోతాయి, మాట మాత్రం మన ఇంటికొస్తుంది.

మీ సంఘం కంప్యూటర్లో లిబ్రే ఆఫీస్ ఉంటే భయం లేదు, లెక్క అదే. నంబరింగ్‌కి ఎఫ్12, దాగిన గుర్తులకి కంట్రోల్ ఎఫ్10. ఆ టిక్కు అక్కడా ఉంది, పారాగ్రాఫ్ డైలాగులో ఇండెంట్స్ అండ్ స్పేసింగ్ కింద.

ప్రింటు తీసేముందు చివరి పేజీ చూడండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సంతకాల గీతలు మాత్రమే కొత్త పేజీకి జారిపడి ఉంటే ఆ కాయితం మీద సంతకం పెట్టొద్దు. పైన తీర్మానమేదీ లేని ఖాళీ కాయితం మీద ముగ్గురి సంతకాలుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. చాలామంది ఇక్కడ మళ్లీ ఎంటర్లు కొట్టి ఏదో ఒకటి కిందికి నెడతారు. అలా కాకుండా, ఆఖరి తీర్మానాన్నీ సంతకాల చివరి గీతకి పైనున్న లైన్లన్నిటినీ ఎంచుకుని, పారాగ్రాఫ్ సెట్టింగులో లైన్ అండ్ పేజ్ బ్రేక్స్ అనే రెండో ట్యాబ్‌లో కీప్ విత్ నెక్స్ట్, కీప్ లైన్స్ టుగెదర్ రెండింటికీ టిక్కు పెట్టండి. సంతకాలు ఏ పేజీకి పోతే ఆఖరి తీర్మానం కూడా ఆ పేజీకే తోడు పోతుంది.

సంతకాలయ్యాక ఆ వర్డ్ ఫైలు ఇక ముట్టుకోకండి. పీడీఎఫ్ చేసి దాన్నే గుణుపురం, రాయగడ సభ్యులకి పంపండి. వర్డ్ ఫైలే పంపితే, వాళ్ల ఫోన్లో మీ ఫాంటు ఉండదు, ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, పేజీలు జరుగుతాయి. అప్పుడు "మాస్టారూ, మా దాంట్లో సంతకాలు వేరే పేజీలో ఉన్నాయేంటి" అని ఫోన్లు మొదలవుతాయి.

జయంతి ఆహ్వానం కూడా మీ నెత్తినే పడుతుందనుకుంటున్నాను. గిడుగు వారి పేరుతోనే ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో ఆయన పేరున్న అక్షరాలతో పిలుపు వెళ్తే ముచ్చటగా ఉంటుంది. శీర్షిక ఒక్కటీ దాంతో పెద్ద సైజులో పెట్టండి. లోపలి మాటరుకి మాత్రం వద్దు, చిన్న సైజులో పెద్దవాళ్ల కళ్లు లాగుతాయి.